వెయిటింగ్ చార్జి

పొద్దు వొడవకముందే
హన్మకొండ చౌరస్త కాడ ఆటో ఎక్కింది నిఖత్ మేడం.
మెడల దుర్భిణి, సంకల మూడుకాళ్ల స్టాండు,
మంకీటోపీల నుంచి కండ్లు మాత్రమే.
"ధర్మసాగరం. పొద్దూకేదాక ఉండాలె. ఎంత?"
పిట్టల కోసమంటే నవ్వొచ్చింది గని
కిరాయి కిరాయే.

ఇగం.
హాండిల్ మీది ఏళ్లు నాయేనా అని అనుమానం.
లైటు పడ్డంత మేరనే తొవ్వ,
దాన్ని గూడ మంచు నాకుతున్నది.
ఎన్క నుంచి చెప్పుకుంట వస్తున్నది ఆమె:
సముద్రపు గద్దంట,
ఉప్పునీళ్ల పొంట బతికేదంట,
వారం కింద మన చెరువు మీద ఎవరికో కనవడ్డదంట.
"తొవ్వ తప్పిందా మేడం?"
"తప్పిందని మనం అనుకునుడే."

నేను సముద్రం చూడలే.
మా బావ బందరుల మూడేండ్లు పని జేసి
వచ్చేటప్పుడు సీసల ఇన్ని నీళ్లు తెచ్చిండు.
ఏలు ముంచి నాలిక మీద వెట్టుకున్న.
గంతే నాకు సముద్రం.

మంచు ఇచ్చుకపోయేసరికి తొమ్మిది.
ఎండిన తుమ్మ మీద నీటికాకులు
దండెం మీది అంగీల తీరు రెక్కలారేసుకున్నయి.
బుడుబుంగ మునిగితే యాడ తేల్తదో
నాతోని నేనే పందెం కట్టుకుని
నాలుగుసార్లు ఓడిపోయిన.
ఆమె పరజల్ని లెక్కవెడుతున్నది,
రెండు వందల పది, పదకొండు,
ఎవడో మత్తడి కాడ హారన్ కొట్టిండు,
అన్ని లేచినయి,
తిట్టలేదు, మళ్ల ఒకటి నుంచి.

థర్మాకోల్ తెప్ప మీద కొంరెల్లి వచ్చిండు, వల గుంజుకుంట.
"తెల్ల కడుపుదేనా? మొన్న నా బొచ్చెను ఎత్కపోయింది.
దొరికితే చెప్పుండ్రి, కిలన్నర పైసలు రావాలె."

చపాతీలు, చింతకాయ తొక్కు.
నాకు రెండు ఎక్కువ వెట్టింది.
తిన్నంక సీసనీళ్లతోని చేతులు, మొఖం, కాళ్లు కడుక్కుని
కట్ట మీద, ఆటో నీడకు,
శాలువ పరిచి నిలవడ్డది.
దుర్భిణి సీటు మీద.

గప్పుడు వచ్చింది.

సప్పుడు లేదు.
గుట్ట దిక్కు నుంచి, తలుపంత రెక్కలు,
ఒక్కపారి గూడ ఊపకుంట,
గాలికి బాకీ లేనట్టు.
కడుపు సున్నమేసిన గోడ.
నోరు తెరిచిన. మూసిన.
నమాజుల ఉన్న మనిషిని ఎట్ల పిలుస్త?
ఆమె నుదురు నేలకానించి ఉన్నది.
దాని నీడ కట్ట ఎక్కి,
ఆమె ఈపు మీదికెళ్లి మెల్లగ పారి,
అటుపక్క నీళ్లల్ల దిగింది.

లేచి కూసుండి
కుడికి తిప్పింది మొఖం, ఎడమకు తిప్పింది,
దాన్నే దేవులాడుతున్నట్టు.
అప్పటికి గుట్ట మీద ఉట్టి ఆకాశం.

చెప్పిన.
చేతిల పెన్ను ఆగింది కొంచెంసేపు.
"తోక ఎట్లుండె? గుండ్రమా? పార తీరా?"
తోక చూడలే మేడం.
"ముక్కు?"
ముక్కు గూడ.
నీడను చూసిన, మీ మీద.
ఏమనలేదు.
"పిలిచినా లేవకపోదును లే" అన్నది, చెరువు దిక్కు చూసుకుంట.
నిజమో, నా కోసమో.
"నీ పేరు?"
"ఓదెలు."
రాసుకుని పక్కన ప్రశ్నార్థకం వెట్టింది.
పేరుకా పిట్టకా అడగలే.

పొద్దూకేదాక కూసున్నం.
మళ్ల రాలే.
సుబేదారి కాడ దిగుకుంట
వెయిటింగ్ చార్జి ఎంతైందంటే
నోటికి లెక్క రాలే,
ఆమె ఇచ్చిందే జేబుల వెట్టుకున్న.

ఇంట్ల పొయ్యి ముందట మా ఆమె,
"దినమంత చెరువు కాడ ఏం జేసినవ్?
ఎంతుంటది గా పిట్ట?"
గింతని
రెండు చేతులు బార్ల జాపిన,
గిన్నెల స్టాండుకు తాకి
గంటె కిందవడ్డది.